గేదె మీద నింకంపూప్ ఉత్తర్వు

మా ఆఫీసులో అధికారి మార్జినులో ఏది రాస్తే అదే ఉత్తర్వు. కాగితం మధ్యలో ఉండేది గుమాస్తాల గోల, దాన్ని ఎవరూ చదవరు. ఎడమ పక్కన మడత పెట్టి వదిలిన ఆ ఖాళీలో ఎర్ర సిరాతో పడే మాటే ప్రభుత్వం. "చూడు" అని పడితే చూస్తాం. "మాట్లాడు" అని పడితే ఫైలు పట్టుకుని వెళ్లి ఎదురుగా నిలబడి మాట్లాడతాం. ఒకసారి ఒక అధికారి గారికి తుమ్ము వచ్చి కలం జారి మార్జినులో పొడుగ్గా ఒక గీత పడింది. దాన్ని ఆమోదం కింద తీసుకుని రెండు ఊళ్లలో రేకుల షెడ్లు వేయించాం. ఆ షెడ్లు ఇప్పటికీ ఉన్నాయి, వాటిలో ఏం పెట్టాలో మాత్రం ఇంకా ఉత్తర్వు రాలేదు.

మాది జిల్లా బందెలదొడ్ల అధికారి కార్యాలయం. ఇప్పటివాళ్లకి తెలియకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. ఎవరి ఆవో గేదో పరాయి చేలో పడి మేస్తే, దాన్ని తోలుకొచ్చి కట్టేసే చోటు బందెలదొడ్డి. సొంతదారు వచ్చి, జరిమానా కట్టి, విడిపించుకుపోవాలి. తెల్లదొరలు పెట్టిన శాఖ. దొరలు వెళ్లిపోయారు, చేలు ప్లాట్లయిపోయాయి, పశువులు తగ్గిపోయాయి, శాఖ మాత్రం చెక్కుచెదరలేదు. నేను అందులో సూపరింటెండెంటుని. దొడ్డి ఆఫీసు వెనకాలే ఉంది. ఏళ్ల తరబడి అందులో అటెండరు రాజారత్నం సైకిలు తప్ప మరేదీ కట్టెయ్యలేదు.

అలాంటి దొడ్డిలోకి కార్తీకమాసంలో ఒకనాడు నూకరత్నం గేదె తనంతట తనే నడిచొచ్చింది. నూకరత్నం మా వెనక వీధిలో ఉంటుంది. మనిషికి ఉన్నదల్లా ఆ ఒక్క గేదె, ఆ పాలు పోయించుకునే ఏడెనిమిది ఇళ్లు. గేదె తాడు తెంపుకుని మా కాంపౌండులోకి వచ్చి, అధికారి గారి క్రోటన్ మొక్కల పక్కన నిలబడింది. ఇన్నాళ్లకి ఒక పశువు దొరికిందన్న ఆనందం పట్టలేక రాజారత్నం దాన్ని దొడ్లోకి తోలి గొళ్లెం పెట్టేశాడు. అభియోగం: ప్రభుత్వ క్రోటన్లు మేయుట.

నూకరత్నం మర్నాడు పొద్దున్నే వచ్చి, మారు మాట్లాడకుండా జరిమానా కట్టేసి, అర్జీ రాయించి ఇచ్చింది. దాని మీద అధికారి సంతకం ఒక్కటి పడితే చాలు. అప్పటి అధికారి పేరి భుజంగరావు గారు. ఆయనకి ఆ రోజే రిటైర్మెంటు, సాయంత్రం సన్మానం. నేను ఫైలు తీసుకెళ్లేసరికి ఆయన పూలదండ కొలతల గురించి ఫోనులో మాట్లాడుతున్నారు. ఫోను పెట్టేసి, అర్జీ చదివారు. నా వంక చూశారు. గుమ్మంలో ఉన్న నూకరత్నాన్ని చూశారు. కిటికీలోంచి గేదెని చూశారు. చూసి, ఎర్ర కలం తీసి, మార్జినులో ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట రాశారు: నింకంపూప్. కింద సంతకం, తేదీ. ఎవర్ని చూస్తూ రాశారన్నది తర్వాత పెద్ద వివాదం అయింది కాబట్టి ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఆయన అందర్నీ చూశారు.

ఆ మాటకి అర్థం ఏమిటని ఆయన్ని అడగొచ్చు కదా అంటారేమో. అడిగితే మనకి ఇంగ్లీషు రాదని తేలిపోదూ? నేను బయటికొచ్చి, ఆ మాట కింద నా చేత్తో "పై ఉత్తర్వు తక్షణ అమలు నిమిత్తం" అని రాసి పొట్టి సంతకం పెట్టాను.

"సంతకం అయిపోయిందాండీ సూపర్నెంటు గోరూ? తాడిప్పుకోమంటారా?" అంది నూకరత్నం.

"సంతకం అయిందమ్మా. ఉత్తర్వు కూడా అయింది. అది అమలయ్యాక ఇప్పుకోవచ్చు."

"ఏటండి అమలయ్యేది?"

"నింకంపూప్."

"అదేటండి?"

"ఇంగ్లీషులో ఉందమ్మా," అన్నాను. ఇంగ్లీషులో ఉందంటే మా జిల్లాలో ఇంక ప్రశ్న ఉండదు. ఆవిడ తల ఊపి అరుగు మీద కూర్చుంది.

సాయంత్రం ఒక పక్క సన్మానం జరుగుతుంటే ఇంకో పక్క గేదె అరవడం మొదలుపెట్టింది. పొదుగు రాయిలా బిగిసిపోయింది. రాజారత్నం బకెట్టు పట్టుకుని వెళ్లి, బకెట్టు లేకుండా తిరిగొచ్చాడు. చివరికి నూకరత్నమే ఇంటికి పరిగెత్తి దూడని తోలుకొచ్చింది. "దూడ మూతెడితేగాని పాలు చేపదండి, నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ఎరగదు," అని, దూడని కాసేపు కుడవనిచ్చి, చెంబెడు కాదు, బకెట్టు నిండా పాలు పితికింది. ఆ బకెట్టు ఎత్తుకుని ఇంటికి బయల్దేరబోతే నేను ఆపాను. దొడ్లో ఉన్న పశువు పాలు ప్రభుత్వ సొత్తు అని మా నిబంధనల్లో ఉంది. దొరలు ఏ పూట ఏ ఆలోచనతో రాశారోగాని, ఇన్నేళ్లకి అది పనికొచ్చింది.

ప్రభుత్వ పాలు కాబట్టి వేలం వెయ్యాలి. వరండాలో వేలం వేశాం. పాడుకోడానికి వచ్చింది అధికారి గారి క్వార్టర్సు వంటమనిషి ఒక్కడే కాబట్టి వాడికే దక్కాయి. మిగిలిన రెండు గ్లాసులు ఆఫీసు కాఫీకి. మర్నాటి నుంచి నూకరత్నానికి గేటు పాసు ఇచ్చాం. రెండు పూటలా దూడని తోలుకొచ్చి, తన గేదెని తనే పితికి, పాలు మాకిచ్చి, వట్టి చేతులతో వెళ్లేది. పితక్కపోతే పొదుగు వాస్తుందని ఆవిడ భయం. ఆ భయమే లేకపోతే మాకు కాఫీ లేదు. నిజం చెప్పొద్దూ, ఆ కాఫీ బావుండేది.

కొత్త అధికారి తటవర్తి గిరిధర్ గారు చేరారు. మనిషి చురుకు. మాటలన్నీ సమీక్షా సమావేశంలోనే పుట్టినట్టు ఉంటాయి. మొదటి రోజే ఆ ఫైలు తెప్పించుకుని, మార్జిను వంక చాలాసేపు చూశారు. ఆయన కనుబొమ్మలు కొంచెం పైకి లేచి, మళ్లీ బాధ్యతగా కిందికి దిగాయి.

"నింకంపూప్ ఏ దశలో ఉంది?" అన్నారు.

"పురోగతిలో ఉంది సార్."

"శాతంలో చెప్పండి."

"నలభై సార్."

"సరిపోదు. యుద్ధప్రాతిపదికన జరగాలి. ఈ ఒక్క గేదె విషయంలోనేనా, జిల్లా అంతటా జరుగుతోందా?"

"జిల్లా అంతటా ఆలోచించలేదు సార్."

"అదే మన బలహీనత," అని, మండలాల్లో ఉన్న దొడ్లన్నిటికీ మెమో పంపించారు: తమ పరిధిలో నింకంపూప్ ఏ మేరకు జరిగినదో నెలవారీగా తెలియపరచవలెను. అందరూ భయపడి "నిల్" అని పంపారు. నిల్ అని పంపినందుకు అందరికీ సంజాయిషీ నోటీసులు వెళ్లాయి. రెండో నెల ఒక మండలం వాడు తెలివిగా "పదహారు పూర్తి, తొమ్మిది పురోగతిలో" అని రాశాడు. వాడికి ప్రశంసాపత్రం. మూడో నెలకి జిల్లా మొత్తం మీద రెండొందల పైచిలుకు పూర్తయ్యాయి. ఆ లెక్క రాజధానిలో డైరెక్టరేట్‌కి వెళ్లింది. ఏళ్ల తరబడి చెప్పుకోడానికి ఏమీ లేని శాఖలో ఇన్ని పూర్తవడం చూసి డైరెక్టరు గారు పొంగిపోయి, రాష్ట్రమంతటా నింకంపూప్ పక్షోత్సవాలు జరపాలని ఉత్తర్వు ఇచ్చారు. మొదటి సభ మా జిల్లాలోనే పెట్టారు.

ఇదంతా జరుగుతున్నప్పుడు గేదె దొడ్లోనే ఉంది. ఒకరోజు నూకరత్నం నా బల్ల దగ్గర నిలబడి, "కాతాలన్నీ పోతన్నాయండి," అంది. "ఇళ్లోళ్లంతా ప్యాకెట్టు పాలకి తిరిగిపోయారు. ఫిలోమినా టీచరమ్మగోరు ఒక్కరే ప్యాకెట్టు తాగనని నల్లకాఫీ తాగుతన్నారండి. ఆవిడ కూడా ఎన్నాళ్లు తాగుతారు? ఆ ముక్కకి అర్థమేటో తెలిత్తే నేనే చేసి పెట్టేత్తాను కదండీ. మీకు ఇంతమంది ఉన్నా అవ్వట్లేదు, నేనో సాయం పడతాను."

ఆ మాటకి నాకు సిగ్గేసింది. మా ఆఫీసులో సిగ్గేసినప్పుడు కాఫీ తెప్పించుకుంటాం. తెప్పించుకున్నాను.

ఆ సాయంత్రమే ఆవిడ ఫిలోమినా టీచర్ని వెంటబెట్టుకొచ్చింది. టీచరు మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయింది. ఊళ్లో సగం మంది ఇంగ్లీషు ఆవిడ బెత్తం దెబ్బల వల్ల వచ్చిందే, మిగతా సగం మందికి రాలేదు. నేరుగా గిరిధర్ గారి గదిలోకి వెళ్లి, ఫైలు లాక్కుని, మార్జిను చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కుర్చీలో కూర్చుంది.

"ఇది తిట్టండీ," అంది. "పాతకాలం ఇంగ్లీషు తిట్టు. ఇప్పుడక్కడ కూడా తాతలు తప్ప ఎవరూ వాడరు. బుర్ర లేనివాడు, వట్టి దద్దమ్మ అని అర్థం."

గిరిధర్ గారు లేచి వెళ్లి తలుపు వేశారు.

"సదరు అర్థానికి ఆధారం?"

"డిక్షనరీ."

"అది ఏ శాఖ ప్రచురణ?"

"ఏ శాఖదీ కాదండీ, డిక్షనరీ అంటే డిక్షనరీయే."

"అంటే ప్రైవేటు," అన్నారాయన, కాస్త ఊపిరి తీసుకుని. కానీ ముఖంలో రంగు రాలేదు. నాకూ లెక్క గుర్తొచ్చింది. జిల్లాలో రెండొందల పైచిలుకు దద్దమ్మలు పూర్తయ్యారని, మిగిలినవాళ్లు పురోగతిలో ఉన్నారని, మేమే సంతకం పెట్టి రాజధానికి పంపాం.

"తిట్టయితే ఇంక ఉత్తర్వు కాదు కదండీ," అంది నూకరత్నం ఆశగా. "నా గేదెని తోలుకుపోనా?"

"ఆగమ్మా," అన్నారు గిరిధర్ గారు. "సాధారణ తిట్టు వేరు. ఇది అధికారి సంతకం పెట్టి తేదీ వేసిన తిట్టు. దానికి చట్టబద్ధత ఉంది. అది ఎవరికి ఉద్దేశించబడినదో తేలకుండా ఫైలు ముయ్యడం కుదరదు."

నన్ను భుజంగరావు గారి ఇంటికి పంపించారు. ఆయన పెరట్లో మొక్కలకి నీళ్లు పోసుకుంటున్నారు. వినయంగా అడిగాను. ఆయన నాలుక కొస దాకా ఏదో వచ్చింది, మింగేశారు.

"కుర్చీలో ఉండగా రాసింది కుర్చీ రాసినట్టు," అన్నారు. "నేనిప్పుడు మామూలు పౌరుణ్ణి. దాని భావం నాకు తెలియాలంటే సమాచార హక్కు కింద మీ ఆఫీసుకే దరఖాస్తు పెట్టుకోవాలి."

ఇంతలో పక్షోత్సవాల సభ రానే వచ్చింది. ఆపడం ఎవరి తరమూ కాలేదు. అర్థం చెప్పాలంటే డైరెక్టరు గారికే చెప్పాలి, డైరెక్టరు గారికి చెప్పాలంటే ఆయనకి తెలియదని తేలాలి. ఊరంతా ఫ్లెక్సీలు కట్టాం. డైరెక్టరు గారు మైకు ముందు నిలబడి, గొంతు సవరించుకుని, నోట్సు లేకుండా మాట్లాడారు.

"నింకంపూప్ అనేది ఒక కార్యక్రమం కాదు, అదొక జీవన విధానం. ఇది ఎవరో బయటినుంచి వచ్చి మనకి నేర్పేది కాదు, మనలోంచి సహజంగా రావాలి. అట్టడుగు ఉద్యోగి దగ్గర్నుంచి నా దాకా ప్రతి ఒక్కరిలోనూ ఇది ఉట్టిపడాలి. ఈ విషయంలో రాష్ట్రంలోకెల్లా నెంబర్ వన్ ఎవరని నన్నడిగితే, నిస్సంకోచంగా మీ గిరిధర్ పేరే చెబుతాను!"

చప్పట్లు మోగాయి. శాలువా కప్పారు. అర్థం తెలిసిన గిరిధర్ గారు అర్థం తెలియని శాలువాని రెండు చేతులా పట్టుకుని, చాలాసేపు దండం పెడుతూనే ఉన్నారు. ముందు వరసలో ఫిలోమినా టీచరు మాత్రం దగ్గొచ్చినట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

సభ అయ్యాక అర్థ నిర్ధారణ, మూలాన్వేషణ కమిటీ వేశాం. అధ్యక్షులు గిరిధర్ గారు, కన్వీనరు నేను, నిపుణురాలు ఫిలోమినా టీచరు. పశువు కూడా ఇందులో ఉంది కాబట్టి పశువుల డాక్టరు రవూఫ్ గారు. అర్జీదారు హోదాలో నూకరత్నం గుమ్మం దగ్గర నిలబడాలి. సమావేశం సాయంత్రం పాలు పితికే వేళకే పెట్టేవాళ్లం, కాఫీ వేడిగా ఉంటుందని.

"మాట ఎక్కడ పుట్టిందో తేల్చండి మేడమ్," అన్నారు గిరిధర్ గారు. "మూలం తెలిస్తే పరిధి తెలుస్తుంది."

"మూలం ఎవరికీ తెలీదండీ," అంది టీచరు. "మూడొందల ఏళ్ల పైనుంచీ తిట్టుకుంటున్నారు, ఎలా వచ్చిందో మాత్రం తేలలేదు. తలా ఒకటి చెబుతారు. లాటిన్‌లో స్వస్థచిత్తం లేనివాడు అనడానికి కోర్టుల్లో ఒక మాట ఉంది, అందులోంచి వచ్చిందని ఒక పెద్దాయన రాశాడు. అది నిలబడదని తర్వాతివాళ్లు కొట్టేశారు. నికొడీమస్ అని బైబిల్లో ఒకాయన ఉన్నాడు, పాపం ఏవేవో ప్రశ్నలు అడుగుతాడు, ఆ పేరులోంచి వచ్చిందంటారు కొందరు. డచ్చి వాళ్ల మాట కలిసిందని ఇంకొందరు. ఏదీ రుజువు కాలేదు. మూలం తెలియని మాట పట్టుకుని ఈవిడ గేదెని కట్టెయ్యడం ఏమిటండీ?"

గిరిధర్ గారికి చివరి వాక్యం వినపడలేదు. ఆయన "కోర్టుల్లో" దగ్గరే ఆగిపోయారు.

"లాటిన్!" అన్నారు. "కోర్టు భాష. అంటే ఇది తిట్టు కాదు, మానసిక స్థితిని గూర్చిన న్యాయపరమైన పరిశీలన. భుజంగరావు గారు అర్జీలో ఉన్న ఒకానొక వ్యక్తికి స్వస్థచిత్తం లేదని గమనించారు. ఎవరా వ్యక్తి? అర్జీ దేని గురించి?"

"గేదె గురించి సార్," అన్నాను.

"గేదె!" అన్నారాయన. గదిలో ఉన్న ఉద్యోగులందరం ఒక్కసారి హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. ఇంత సులువుగా తేలిపోతుందని ఎవరూ అనుకోలేదు. స్వస్థచిత్తం లేని ప్రాణిని బయటికి వదలకూడదు. ప్రభుత్వమే సంరక్షకుడిగా ఉండి జీవితాంతం చూసుకోవాలి. పాలతో సహా.

నూకరత్నం గడప దాటి లోపలికి వచ్చేసింది. "దానికి పిచ్చంటారా? నన్నేటన్నా అనండి, పడతాను. దాన్నంటే మాత్రం ఊరుకోనండి. నా గొంతు ఇనపడితే ఇంత దూరాన్నించి తలెత్తుద్ది. మా ఆయన పోయిన రోజు మేత ముట్టలేదండి అది. దానికి బుర్ర లేదంటారా!"

గేదెని పరీక్షించి నివేదిక ఇవ్వమని డాక్టరు రవూఫ్ గారికి చెప్పాం. ఆయన మర్నాడు నివేదిక చదివారు.

"పేరు పెట్టి పిలిస్తే పలికింది. దూడని గుర్తుపట్టింది. క్రోటన్ ఆకులు పెడితే మొహం తిప్పుకుంది, పచ్చగడ్డి పెడితే తింది. కాబట్టి అభియోగం కూడా అబద్ధం. చివరగా ఈ ఫైలు దాని ముందు పెట్టాను. వాసన చూసి, రెండడుగులు వెనక్కి వేసింది. ఇంత తెలివి నేను పై అధికారుల్లో కూడా చూడలేదు."

"పై అధికారుల ప్రస్తావన తొలగించండి," అన్నారు గిరిధర్ గారు.

"అది తీసేస్తే పోల్చడానికి ఏమీ మిగలదు సార్," అన్నారు డాక్టరు.

గేదె తప్పించుకుంది. ఇంక మిగిలింది మనుషులు. నూకరత్నం ఒక అడుగు ముందుకేసింది. "పోనీ ఆ దద్దమ్మని నేనే అని రాసుకోండి బాబూ. యేలిముద్ర ఎక్కడెయ్యమంటే అక్కడ యేత్తాను. నా గేదెని నాకిచ్చెయ్యండి."

అంత మాట ఆవిడ అనడం విని ఫిలోమినా టీచరు కళ్లద్దాలు తీసేసింది. గిరిధర్ గారు మాత్రం నిబంధనల పుస్తకం తిరగేశారు.

"స్వస్థచిత్తం లేని వ్యక్తికి పశువుని అప్పగించడానికి వీల్లేదు. ఈవిడ ఒప్పుకుంటే గేదె శాశ్వతంగా మన దగ్గరే ఉంటుంది. ఈవిడ మంచి కోరే చెబుతున్నాను, ఒప్పుకోవద్దు."

"అయితే మీలో ఎవరో ఒకరు ఒప్పుకోండి," అంది టీచరు. "ఫైలు ముట్టుకున్నవాళ్లు మీరే కదా. ఒక్క సంతకంతో అయిపోతుంది. గిరిధర్ గారూ, మీకయితే డైరెక్టరు గారు శాలువా కప్పి మరీ చెప్పారు."

"అది గౌరవార్థంలో. ఇది వైద్యార్థంలో. రెండూ కలపకూడదు. పైగా ఉత్తర్వు నాటికి నేను ఈ జిల్లాలో లేను."

అందరూ నా వంక చూశారు. నాకు సర్వీసు ఇంకా ఉంది, ఒప్పుకుంటే సర్వీసు రిజిస్టరులోకి ఎక్కుతుంది. నాకన్నా సీనియర్లు ఉండగా నేను ముందుకు రావడం మర్యాద కాదని చెప్పాను. రాజారత్నం తను నాలుగో తరగతి ఉద్యోగినని, ఇంత పెద్ద లాటిన్ మాట తన స్థాయికి వర్తించదని లిఖితపూర్వకంగా ఇచ్చాడు. కమిటీ గడువు పొడిగించాం. తర్వాత మళ్లీ పొడిగించాం. ప్రతి సమావేశంలోనూ టీచరు మూలం తెలియని మాట ఉత్తర్వు కాదని చెప్పేది, ప్రతిసారీ నేను "అభిప్రాయం నమోదు చేయబడినది" అని రాసి, కాఫీ కలపమనేవాణ్ణి. చలికాలం పోయి ఎండాకాలం వచ్చింది. నూకరత్నం రెండు పూటలా దూడతో వస్తూనే ఉంది. దూడకి కొమ్ములు మొలుస్తున్నాయి.

తొలకరి పడ్డాక బకెట్టు సగానికి రావడం మొదలైంది. తర్వాత చెంబు. తర్వాత గ్లాసు. ఆషాఢంలో ఒక సాయంత్రం నూకరత్నం చాలాసేపు కూర్చుని, దూడని వదిలి, పొదుగు నిమిరి, వట్టి బకెట్టుతో లేచింది. "ఒట్టిపోయిందండి," అంది. ఆ రాత్రి అధికారి గారి క్వార్టర్సు వంటమనిషి ప్యాకెట్టు పాలు కొనుక్కెళ్లాడు.

మర్నాడు నేను ఆఫీసుకి వచ్చేసరికి గిరిధర్ గారు నాకన్నా ముందే కుర్చీలో ఉన్నారు. అత్యవసర సమావేశం. టీచరుకీ డాక్టరుకీ కబురు పెట్టేంత తీరిక కూడా లేదు.

"ఈ పశువు వల్ల ప్రభుత్వానికి మేత ఖర్చు ఎంతవుతోందో ఎవరైనా ఆలోచించారా?" అన్నారు. "ఒక నిరుపేద మహిళ ఆస్తిని ఇన్నాళ్లు నిర్బంధించడం మానవత్వమేనా? సూపరింటెండెంటు గారూ, రాసుకోండి. మూలం నిర్ధారణ కాని మాట ఉత్తర్వు కాజాలదు. కావున నింకంపూప్ ఎవరికీ వర్తించదు. పశువుని తక్షణం విడుదల చేయవలెను."

"ఫిలోమినా గారు మొదటి రోజే చెప్పింది ఇదే సార్."

"అప్పుడు సమయం పరిపక్వం కాలేదు."

ఎర్ర కలంతో మార్జినులో "విడుదల" అని రాసి సంతకం పెట్టారు. కాఫీ ఆరేంత సేపు కూడా పట్టలేదు. ఆ రోజు కాఫీ కూడా అంత బాలేదు.

నూకరత్నానికి కబురు పంపాం. వచ్చింది. నేనే స్వయంగా దొడ్డి దాకా వెళ్లి గొళ్లెం తీశాను. "తోలుకెళ్లమ్మా, ఉత్తర్వు వచ్చేసింది. ఆ మాట ఎవరికీ వర్తించదని తేల్చారు," అని చెప్పాను.

ఆవిడ లోపలికెళ్లి గేదె మెడ నిమిరింది. ముడుచుకుపోయిన పొదుగు మీద ఒకసారి చెయ్యి వేసింది. ఇంక అది మళ్లీ చూడి కట్టాలి, ఈనాలి. అన్నాళ్లూ దానికి మేత ఆవిడే పెట్టాలి. తాడిప్పి, దూడని ముందు తోలుకుని, ఆఫీసు వరండా పక్కనుంచి నడిచింది. కిటికీ అవతల గిరిధర్ గారు, మా గుమాస్తాలు కాఫీ గ్లాసులు పట్టుకుని చూస్తున్నారు. గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. గొంతులో కోపం లేదు, ఏదో లెక్క సరిచేసుకున్నట్టు నెమ్మదిగా అంది:

"టీచరమ్మగోరు చెప్పిన అర్థం తప్పండి సూపర్నెంటు గోరూ. బుర్ర లేనోళ్లని అంటారన్నారు. మీకు బుర్ర లేకపోడమేటండీ!"